భయపడే కుర్రాడికి తెర మీద చోటు

(త్రిపురనేని గోపీచంద్ స్మృతిలో ఫిల్మ్ నగర్‌లో చేసిన ప్రసంగానికి ముద్రిత పాఠం)



గోపీచంద్ గారిని తలుచుకునే సభలో నవల గురించి మాట్లాడాలా, సినిమా గురించి మాట్లాడాలా అన్న సందేహం నాకు రాలేదు. ఆ రెంటినీ వేరు చేసి చూడటం మనకు తర్వాత పట్టుకున్న అలవాటు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని గూడవల్లి రామబ్రహ్మం 1938లోనే తెరకెక్కించారు. ఆ మరుసటి ఏడాది ఆయనే ‘రైతుబిడ్డ’ తీస్తే మాటలు గోపీచంద్ రాశారు. 1946లో ‘గృహప్రవేశం’ రాశారు. 1950లో ‘లక్ష్మమ్మ’కు దర్శకత్వం వహించారు. ఆ నడుమనే ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది. కన్నుమూసిన మరుసటి ఏడు, 1963లో, ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు సాహిత్య అకాడమీ పురస్కారం ఇచ్చారు. నవల రాసిన చెయ్యీ సినిమా రాసిన చెయ్యీ ఒకటే అయిన కాలం అది. ఆ కాలంతో ఈ కాలానికి ఉన్న బంధం ఎక్కడైనా మిగిలి ఉందా అని వెతికితే నాకు ఒక సినిమా కనిపించింది. ఈ సాయంత్రం మాట్లాడబోయేది దాని గురించే.

కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నవలకు 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు అదే పోటీలో బహుమతి అందుకున్న బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ కూడా సీమ నేల నుంచి వచ్చిందే. ‘కొండపొలం’ నవలను దర్శకుడు క్రిష్ జాగర్లమూడి అదే పేరుతో సినిమాగా తీశారు. 2021 అక్టోబర్ 8న విడుదలైంది. వసూళ్ల లెక్కలో అది నిలబడలేదు. ఆ లెక్క ఇక్కడున్న అందరికీ తెలుసు కనుక దాని మీద నేను ఎక్కువసేపు నిలవను. పల్లె కుర్రాడు మనిషిగా ఎదిగే కథను ఒక తెలుగు నవల నుంచి తీసుకుని, ఆ నవల రాసినాయన చేతే మాటలు రాయించి, ఈ జూబ్లీహిల్స్ కొండల మీది పరిశ్రమ ఒక సినిమా తీసింది. అది నాకు చాలా పెద్ద విషయం.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. వానలు పడని ఏడాది కడప పల్లెల్లో బీళ్లు మాడిపోతాయి. చెరువులు నెర్రెలిచ్చిపోతాయి. జీవాలకు మేత ఉండదు, నీళ్లుండవు. అప్పుడు గొర్రెల కాపరులు కొందరు మందలు కలుపుకుని నల్లమల ఎక్కుతారు. వానలు మొదలయ్యేదాకా వారాలకు వారాలు అడవిలోనే ఉంటారు. దాన్నే కొండపొలం పోవడమంటారు. రవీంద్ర అలాంటి ఇంటి బిడ్డ. ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాదులో ఉద్యోగానికి ఏళ్ల తరబడి తిరిగాడు. ఇంటర్వ్యూలో నోరు పెగలదు, ఇంగ్లీషు రాదు, నలుగురిలో తల ఎత్తలేడు. ఊరికి తిరిగొస్తాడు. ఆ ఏడు కరువు. తాత మాట మీద తండ్రి వెంట మందను తోలుకుని అడవికి పోతాడు. అడవిలో పెద్దపులి ఉంది, దొంగలున్నారు, దాహం ఉంది. తిరిగి వచ్చేసరికి వాడు వేరే మనిషి.

ఈ కథ చదివినప్పుడు నాకు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సృష్టించిన సీతారామారావు గుర్తొచ్చాడు. ఆ పోలిక కావాలని తెచ్చింది కాదు. సీతారామారావు కూడా పల్లె మనిషే. వాడికి ఆస్తి ఉంది, వంశ ప్రతిష్ఠ ఉంది, తర్కం ఉంది. లేనిదల్లా చేతికి ఒక పని. లోపలికి చూసుకుని చూసుకుని, ప్రతి ఆలోచననూ ఇంకో ఆలోచనతో కొట్టేసుకుని, చివరికి తనను తానే నాశనం చేసుకున్నాడు. రవికి ఆస్తీ లేదు, ప్రతిష్ఠా లేదు. పైగా వాడిది సొంతంగా తెచ్చుకున్న అసమర్థత కూడా కాదు. పరీక్ష ఒక భాషలో, బతుకు ఇంకో భాషలో పెట్టిన చదువు వాడికి దాన్ని అంటగట్టింది. ఆ చదువు చేయలేని పనిని వాడి కోసం మంద చేసింది. తెల్లవారితే జీవాలకు నీళ్లు కావాలి. అంతే. నేను చేయగలనా, నాకు ఆ అర్హత ఉందా అని కూర్చుని ఆలోచించుకునే తీరిక గొర్రెలు ఇవ్వవు. సుమారు డెబ్బై ఏళ్ల ఎడంతో వచ్చిన ఈ రెండు నవలలను మన యువకులు ఒకదాని వెంట ఒకటి చదివితే బాగుంటుందని నా కోరిక.

ఇక సినిమా దగ్గరికి వద్దాం. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి అక్కడే ఉంది.

ఎదుగుదల కథలో మొదటి పేజీలో ఉండాల్సినవాడు ఇంకా ఏమీ కానివాడు. వాడికి భయం ఉండాలి, తెలియనితనం ఉండాలి, ఓడిపోయే అవకాశం నిజంగా ఉండాలి. మన స్టోరీ సిట్టింగుల్లో తయారయ్యే కథానాయకుడు మొదటి సీనుకే పూర్తయిపోయి వస్తాడు. ఎంట్రీ షాట్‌కే వాడి బలం తేలిపోతుంది. ఆ తర్వాత కథలో మారాల్సింది విలన్ పరిస్థితే, హీరో మనసు కాదు. ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. ఒక నటుడి పేరు మీద వ్యాపారం జరిగేచోట ఆ నటుడిని గంటసేపు పిరికివాడిగా చూపిస్తానంటే డబ్బు పెట్టేవాడు ఆలోచిస్తాడు. అది నాకు అర్థమవుతుంది. కానీ దానివల్ల పోతున్నదేమిటో కూడా మనం చూసుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు తన భయాన్ని తెర మీద ఎప్పుడూ చూడలేకపోతే, ఆ భయం తనకొక్కడికే ఉందనుకుంటాడు. ఉద్యోగం రాని ప్రతి కుర్రాడూ హాస్టలు గదిలో ఒంటరివాడవుతాడు.

దీనికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది, అదీ అదే 2021లో. తమిళంలో పూమణి గారు 1982లో ‘వెక్కై’ అనే నవల రాశారు. పదిహేనేళ్ల పిల్లవాడు ఒక హత్య చేసి, తండ్రితో కలిసి ఊరు విడిచి అడవీ బీళ్లూ పట్టి తిరుగుతాడు. నవలకు గుండె ఆ పిల్లవాడు. లోకాన్ని మనం వాడి కళ్లతోనే చూస్తాం. వెట్రిమారన్ 2019లో దాన్ని ‘అసురన్’గా తీశారు. అది గొప్ప సినిమా. అందులో ధనుష్ నటన నాకు ఎంతో ఇష్టం. అయితే ధనుష్ వేసింది తండ్రి పాత్ర. కథ నడుము అటు జరిగిపోయింది. తండ్రి గతం, తండ్రి మౌనం, తండ్రి చెయ్యెత్తిన క్షణం – ఇవి సినిమా అయ్యాయి. ఆ సినిమా తెలుగులో ‘నారప్ప’ అయింది. శ్రీకాంత్ అడ్డాల దర్శకత్వంలో వెంకటేష్ గారు నటించారు. అనంతపురం నేపథ్యానికి మార్చిన ఆ సినిమా 2021 జులైలో ఓటీటీలో వచ్చింది. పిల్లవాడు రెండోసారి కూడా తండ్రి నీడలోనే ఉండిపోయాడు. పిల్లవాడి నవల పెద్దవాడి సినిమాగా మారడం మన దగ్గర ఎంత సహజంగా జరిగిపోతుందో చూడండి. ఎవరూ ఆ సంగతి గమనించరు కూడా.

‘కొండపొలం’ ఆ పని చేయలేదు. నేను క్రిష్ గారిని మెచ్చుకునేది ముందుగా అందుకే. తండ్రి గురప్పగా సాయిచంద్, తాతగా కోట శ్రీనివాసరావు ఉండి కూడా, ఇద్దరూ దృశ్యాన్ని ఇట్టే తమవైపు లాక్కోగలవాళ్లయి ఉండి కూడా, కథ కుర్రాడి దగ్గరే నిలిచింది. రవిగా పంజా వైష్ణవ్ తేజ్ భుజాలు ముడుచుకుని, చూపు కిందికి పెట్టుకుని నడుస్తాడు. కథానాయకుడిగా ఆయన మొదటి సినిమా ‘ఉప్పెన’ ఇంకా విడుదల కాకముందే, 2020లో, కరోనా రోజుల్లో, వికారాబాద్ అడవులను నల్లమలగా చూపిస్తూ ఈ సినిమా తీశారు. అప్పటికి ఆ కుర్రాడికి స్టార్ అన్న బరువు లేదు. తెర మీద ఆ బెరుకు నిజంగా కనిపించడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. రెండేళ్లు ఆగి తీసి ఉంటే ఆ భయాన్ని ఎవరైనా తీయనిచ్చేవారా అని నాకు అనుమానం.

ఇంకో మేలు కూడా ఈ సినిమా చేసింది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చినప్పటి నుంచి ఫిల్మ్ నగర్‌కు రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు. సీమ నుంచి వచ్చిన పిల్లలు ఈ నగరంలో గది అద్దెకు అడిగినా, కాలేజీలో పేరు చెప్పినా ఆ బొమ్మను మోశారు. వాళ్ల ఇళ్లలో కత్తులు లేవు, గొర్రెలున్నాయి. పగ లేదు, అప్పు ఉంది. ‘కాడి’, ‘ఒక్క వాన చాలు’ నవలల్లో సన్నపురెడ్డి గారు రాస్తూ వచ్చింది ఈ సీమనే. ఆకాశం వైపు చూసే రైతును, ఎద్దును అమ్ముకోలేక అమ్ముకునే ఇంటిని. ఆయన మాటలు రాయడంతో కడప యాస తెర మీద బెదిరింపు గొంతుతో కాకుండా, తండ్రి కొడుకును పిలిచే గొంతుతో వినిపించింది. ఇరవై ఏళ్లుగా జరిగిన ఒక అన్యాయాన్ని ఒక్క సినిమా సరిచేయలేదు. అయినా అటు తిరిగింది.

ఇప్పుడు నాకు నచ్చనివి కూడా చెప్పాలి. ప్రేమించినదాని గురించి సగమే చెబితే అది ప్రేమ కాదు.

మొదటిది, కథ చెప్పిన తీరు. సినిమా ఢిల్లీలో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఇంటర్వ్యూతో మొదలవుతుంది. రవి అక్కడ కూర్చుని తన కథ చెబుతాడు. అంటే వాడు అడవి నుంచి బతికి వచ్చాడని, బాగుపడ్డాడని మనకు ముందే తెలిసిపోయింది. ఇక పులి వచ్చినా గుండె ఎందుకు ఆగుతుంది? నవలలో పాఠకుణ్ణి పట్టి ఉంచేది ఈ రాత్రి గడుస్తుందా లేదా అన్నది. దాన్ని ఆ ఇంటర్వ్యూ గది ముందే కరిగించేసింది. పైగా ఆ గదిలో కూర్చున్న పెద్దమనుషులు మెచ్చుకుంటేనే కుర్రాడు గెలిచినట్టు అన్న భావం వస్తుంది. వాడు అప్పటికే గెలిచాడు. అడవిలో గెలిచాడు. దానికి సాక్షులు నలుగురు కాపరులు, ఒక పులి.

రెండోది ఓబులమ్మ. నవలలో లేని ఈ అమ్మాయిని సినిమా కోసం సృష్టించారు. రకుల్ ప్రీత్ సింగ్ వేశారు. మగవాళ్లే ఉన్న అడవిలో ఒక ఆడపిల్ల మందను తోలుకుంటూ ధైర్యంగా నడవడం చూడటానికి బాగుంది. ఆ పాత్రను నేను తీసిపారేయను. అయితే ఆమె వచ్చాక రవి ధైర్యానికి కారణం మారిపోయింది. తండ్రి చెప్పకుండా నేర్పిన దాని నుంచి, జీవాల బాధ్యత నుంచి పుట్టాల్సిన ధైర్యం, ఒక అమ్మాయి కళ్లలో చిన్నబోకూడదన్న పట్టుదల నుంచి పుట్టినట్టయింది. ప్రేమకథ లేకుండా రెండు గంటల సినిమాను మన ప్రేక్షకుడు చూడడన్న భయం ఇక్కడ రవి భయం కంటే పెద్దది. ఆ భయం మీద నాకు కోపం లేదు, బెంగ ఉంది. ఎందుకంటే తండ్రీకొడుకుల మధ్య నడిచే మాటల్లేని దృశ్యాలకు దక్కాల్సిన సమయం అటు పోయింది.

అసలు పేచీ సమయంతోనే. కొండపొలం అంటే వారాల నడక. రోజుకో అంగుళం చొప్పున ఎదగడం. మొదటి రాత్రి నిద్ర పట్టదు. పదో రాత్రి చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. ఇరవయ్యో రాత్రికి ఏ చప్పుడు గాలిది, ఏ చప్పుడు జంతువుది అన్నది నిద్రలోనే తెలుస్తుంది. పేజీ మీద దీనికి చోటుంది. సినిమాలో ఇదంతా ఒక పాటలో దొర్లిపోవాలి. కీరవాణి గారి సంగీతం, చంద్రబోస్ గారి సాహిత్యం ఈ పనిలో సినిమాకు ఎంతో సాయం చేశాయి. ‘ధం ధం ధం’ పాటకు చంద్రబోస్ గారికి జాతీయ పురస్కారం వచ్చిందంటే, అడవిలో మనిషి ఎదగడమనే కథాంశం ఆ పాటలో ఎంత నిండుగా పలికిందో తెలుస్తుంది. కెమెరా పట్టిన జ్ఞానశేఖర్ గారు చెట్ల నడుమ వెలుతురును రోజులు మారుతున్నట్టే పట్టారు. ఇంత చేసినా పులి మీద పెట్టిన శ్రద్ధ నిద్ర మీద పెట్టలేదు. గ్రాఫిక్స్ పులి ముందు కుర్రాడు నిలబడే ఘట్టం కోసం అంతకు ముందు నలభై రాత్రులను చిన్నవి చేశారు. ఆ రాత్రులు లేకపోతే వాడు పులి ముందు నిలబడేవాడే కాదు.

ఇది మన ఒక్కరి చిక్కు కాదు. విభూతిభూషణ్ నవల ‘పథేర్ పాంచాలి’ని సత్యజిత్ రాయ్ తీసినప్పుడు డబ్బులేక షూటింగు ఆగుతూ ఆగుతూ సుమారు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో అపు వేసిన పిల్లవాడి గొంతు మారకపోవడం, దుర్గ వేసిన అమ్మాయి పొడుగైపోకపోవడం, ముసలి ఇందిర్ వేసిన ఆవిడ బతికి ఉండటం – ఈ మూడూ అద్భుతాలేనని రాయ్ తర్వాత చెప్పుకున్నారు. రిచర్డ్ లింక్‌లేటర్ ‘బాయ్‌హుడ్’ కోసం ఒకే పిల్లవాడితో పన్నెండేళ్ల పాటు విడతలు విడతలుగా తీశారు. మనల్ని ఎవరూ పన్నెండేళ్లు తీయమనడం లేదు. బడ్జెట్ వేసేటప్పుడు కొన్ని రోజులు నడకకు, నిశ్శబ్దానికి, నిద్రపట్టని రాత్రికి కేటాయించమంటున్నాను. వికారాబాద్ ఇక్కడికి గంటన్నర, రెండు గంటల ప్రయాణం. అడవి దూరం కాదు.

ఇక్కడ సాయిచంద్ గారి గురించి ఆగి చెప్పాలి. ఆయన గోపీచంద్ గారి కుమారుడు. గౌతమ్ ఘోష్ ‘మాభూమి’లో రామయ్య ఆయనే. క్రిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి.నరసింగరావు గారి పూనికతో తయారైన సినిమా అది. పల్లెలో వెట్టి చూసిన కుర్రాడు నగరానికి వెళ్లి, తిరిగి వచ్చి, పోరాటంలో నిలబడే కథ. తెలంగాణ మట్టిలో ఎదుగుదల కథ. అందులో ఎదిగిన కుర్రాడు సుమారు నలభై ఏళ్ల తర్వాత ‘ఉప్పెన’లోనూ ‘కొండపొలం’లోనూ ఒకే కుర్రాడికి తండ్రిగా వచ్చాడు. గురప్పగా ఆయన కొడుక్కు పాఠం చెప్పడు. కర్ర ఎలా పట్టుకోవాలో కూడా చెప్పడు. తను పట్టుకుంటాడు. కొడుకు చూస్తాడు. రామయ్య దగ్గరి నుంచి గురప్ప దాకా ఆ ముఖాన్ని వరుసగా చూస్తే, తెలుగు సినిమా ఎదుగుదల కథను పూర్తిగా మరిచిపోలేదని, ఒక మనిషి ఆ తాడు తెగకుండా పట్టుకుని ఉన్నాడని అనిపిస్తుంది.

యువ రచయితలకు ఒక మాట. 1960లు, 70లలో నవల మన పరిశ్రమకు ప్రాణం. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ నుంచి ‘చదువుకున్న అమ్మాయిలు’ వచ్చింది. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ నుంచి ‘డాక్టర్ చక్రవర్తి’ వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి నవలలు వరుసగా సినిమాలయ్యాయి. వారపత్రికలో సీరియల్ వస్తుంటే నిర్మాతలు చదివేవారు. ఆ తర్వాత కూడా వంశీ తన ‘మహల్లో కోకిల’నే ‘సితార’గా చేసుకున్నారు. పత్రికల్లో సీరియళ్లు పల్చబడ్డాక నిర్మాతకు నవల కనిపించడం మానేసింది. చదివి చెప్పాల్సినవాళ్లు ఇప్పుడు మీరే. మీలో చాలామంది పల్లెల నుంచి వచ్చారు. మీ నెరేషన్లలో మాత్రం ఆ పల్లె ఉండదు. కొరియా సినిమా ఉంటుంది. కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘పచ్చనాకు సాక్షిగా’ చదవండి. చదివాక రచయిత దగ్గరికి, లేదా వారి కుటుంబం దగ్గరికి వెళ్లి, హక్కులకు తగిన డబ్బు ఇప్పించి, తెర మీద పేరు వేయించి తీసుకోండి. లైన్ మాత్రం ఎత్తుకుని ఊరి పేరు మార్చే పద్ధతి ఇక్కడ ఉందని మనందరికీ తెలుసు. ‘కొండపొలం’ రచయితను పిలిచి మాటలు రాయించుకోవడం ఆ పద్ధతికి ఎదురు నిలిచిన మర్యాద.

చివరగా, ఆ ఇంటర్వ్యూ గది దాటాక ఏమవుతుందన్నది నన్ను వదలడం లేదు. గొర్రెల కాపరి కొడుకు అటవీ అధికారి కాబోతున్నాడు. మన అడవుల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. అడవిలో పశువులు మేపితే పుల్లరి కట్టాలన్న తెల్లదొరతనం మీద తిరగబడి కన్నెగంటి హనుమంతు 1922లో పల్నాడులో ప్రాణాలిచ్చాడు. ఈరోజు నల్లమలలో పెద్ద భాగం పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. పులి బతకాలి, అది నేను మనసారా కోరుకుంటాను. మంద లోపలికి పోతే పులికి చేటు. పోకపోతే మందకు చావు. ఇంకో కరువు వస్తుంది. గురప్ప మళ్లీ జీవాలను తోలుకుని అడవి అంచుకు వస్తాడు. సరిహద్దు దగ్గర యూనిఫాంలో నిలబడి ఉన్నవాడు రవి. తండ్రిని ఆపాలా, వదలాలా? పులి ముందు నిలబడటం కంటే అది కష్టం. అక్కడ వాడికి మళ్లీ భయం వేస్తుంది. వేయాలి కూడా. ఆ దృశ్యం ఇంకా ఎవరూ రాయలేదు. సన్నపురెడ్డి గారు రాస్తారా, ఈ సభలో కూర్చున్న మీలో ఒకరు రాస్తారా నాకు తెలియదు. రాసినవాళ్లు ముందుగా నాకు చదివి వినిపించాలని కోరుతున్నాను.